అమ్మకానికి పడమటి వాటా

పరదేశయ్యగారిని ప్రశ్న అడగడానికి ఆ ఊళ్ళో మగవాళ్ళు జంకేవారు, వాళ్ళ ఆడవాళ్ళు మరీ జంకేవారు. ఆయన కోపిష్ఠి అని కాదు. ఆయనకొక అలవాటుండేది. సాయంత్రాలు తన ఇంటి అరుగు మీద కూర్చుని వేదాంతం చెప్పేటప్పుడు ఎవరైనా సందేహం అడిగితే, శ్రద్ధగా విని, తల పంకించి, "రేపు మధ్యాహ్నం మీ ఇంటికి భోజనానికొస్తాను. అక్కడ చూద్దాం" అనేవారు. అన్నట్టే వచ్చేవారు. విస్తరి ముందు కూర్చుని పప్పూ పులుసూ కలుపుకు తిని, ఇల్లంతా ఓసారి కలయజూసి, ఒక్కోసారి జవాబు చెప్పేవారు, ఒక్కోసారి చెప్పకుండానే చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయేవారు. అందుచేత ఆయన శిష్యుల్లో సందేహాలు లేనివాళ్ళే ఎక్కువ. ఉన్నవాళ్ళు కూడా ఇంట్లో కందిపప్పు ఉందో లేదో కనుక్కుని మరీ సందేహపడేవారు.

అనకాపల్లి వైపు బెల్లం బళ్ళు నడిచే బాట మీద ఉన్న ఊరది. ఆ ఊళ్ళో బెల్లం కొట్టు నడిపే గవరయ్య మాత్రం ఒకనాడు ముందూ వెనకా చూసుకోకుండా నోరు జారాడు. జారాడనడం కంటే, చాలాకాలంగా లోపల మరుగుతున్నది పొంగి బయటపడిందనడం సబబు. ఆ సాయంత్రం పరదేశయ్యగారు అసూయ మనిషిని ఎలా తినేస్తుందో చెబుతున్నారు. అందరూ బుద్ధిగా తలలూపుతున్నారు. గవరయ్య ఒక్కడే ఊపలేదు.

"అసూయ తప్పే అయ్యవారూ, కాదన్ను. కానీ ఈ ఒక్కదానికి జవాబు చెప్పండి. ఒకే తాపీ మేస్త్రి చేతి మీద ఒకేసారి లేచిన రెండు వాటాలు. నా వాటాకి నేను ఏటేటా మరమ్మతు చేయిస్తాను. పక్క వాటావాడు పగిలిన పెంకైనా మార్చడు. నాది అమ్ముతానంటే చూడ్డానికొచ్చినవాళ్ళు నాది మెచ్చుకుని వాడిది అడుగుతారేటి? అమ్ముతానన్న ఇల్లొదిలేసి, అమ్మనన్నవాడి గుమ్మంలో నిలబడతారు. ఇదెక్కడి న్యాయం?"

అరుగు మీద ఎవరూ ఎవరి ముఖమూ చూసుకోలేదు. ఆ పక్క వాటావాడెవరో అందరికీ తెలుసు. గవరయ్య తోడల్లుడు భద్రాచలం. అంటే గవరయ్య భార్య మంగతాయారుకి స్వయానా చెల్లెలి మొగుడు. పరదేశయ్యగారు తల పంకించి, "రేపు మధ్యాహ్నం వస్తాను" అన్నారు. గవరయ్యకి అప్పటికి గాని తను ప్రశ్న అడిగినట్టు తెలియలేదు.

ఈ కుళ్ళు నిన్నా మొన్నా పుట్టింది కాదు. మామగారికి ఇద్దరూ ఆడపిల్లలే. కూతుళ్ళు కళ్ళ ముందుండాలని ఆయన ఒకే కప్పు కింద రెండు వాటాలు కట్టించి, మధ్య గోడ పెట్టి, వెనక పెరడూ నుయ్యీ ఉమ్మడిగా ఉంచి, అల్లుళ్ళిద్దరికీ పంచి ఇచ్చాడు. తూర్పు వాటా చిన్నల్లుడికి, పడమటి వాటా పెద్దల్లుడికి. "పెద్దల్లుడు ఎండకి ఓర్చుకుంటాడులే" అని గృహప్రవేశం నాడు నలుగురిలో నవ్వుతూ అన్నాడు పాపం, మరో ఉద్దేశం లేకుండా. నలుగురూ నవ్వారు. భద్రాచలం కూడా నవ్వాడు. ఆ నవ్వు గవరయ్య గుండెలో ముల్లులా దిగబడిపోయింది. ఆనాడే ఆయన లోపల నిశ్చయం చేసుకున్నాడు, ఈ వాటా అమ్మి పారేసి పొరుగూరు పోవాలని. కానీ ఊరికే అమ్మితే కసి తీరదు. పడమటి వాటాయే మేలైనదని ఊరంతా చెప్పుకునేలా అమ్మాలి. అలాంటి బేరం దొరికేదాకా ఇంటిని పెళ్ళిచూపుల పిల్లలా సిద్ధంగా ఉంచాలి.

ఉంచాడు. ఆ మాట ఒప్పుకోవాలి. ఫాల్గుణం వచ్చిందంటే పెంకుల పనివాళ్ళు నిచ్చెనలేసుకుని ఎక్కేవారు. పెంకు పెంకూ దింపి, నాచు గీకి, బీటలిచ్చినవి ఏరేసి తిరగవేసేవారు. ఆ పని మధ్య గోడ నెత్తిన కత్తితో కోసినట్టు ఆగిపోవాలి. అవతలి పెంకు ఒక్కటి పొరపాటున సర్దినా గవరయ్య కింద నుంచి కేకలేసేవాడు. ఎండలు ముదిరేలోగా గోడలకి సున్నం, గచ్చు పగుళ్ళకి సిమెంటు. వానలకి ముందు చూరు తూముల్లో చెత్త తీయించడం, వాసాలకి చెదలమందు పూయించడం. వానలు వెళ్ళాక ఉబ్బిన తలుపులకి చిత్రిక పట్టించడం, కిటికీ ఊచలకి నల్లరంగు. ఆ ఇంటి వీధి తలుపు చిటికెన వేలితో తోస్తే చప్పుడు లేకుండా తెరుచుకునేది. తూర్పు వాటా తలుపు మాత్రం తెరిచినప్పుడల్లా వీధి చివరికి వినబడేది.

బాగు చేయించడం ఒక ఎత్తు, బాగు చేయించింది చెడిపోకుండా కాపాడటం మరో ఎత్తు. కొనేవాళ్ళు గోడకి మేకు చిల్లులు లెక్కపెడతారని గవరయ్య నమ్మకం. కనక గోడకి మేకు కొట్టకూడదన్నాడు. పటాలు పెట్టెలో పెట్టించాడు. దీపం పొగకి దేవుడి గూడు నల్లబడుతుందని అక్కడ దీపం మాన్పించి, గూటికి సున్నం వేయించాడు. వంటింట్లో పోపు పెడితే దూలాలు జిడ్డెక్కుతాయని పొయ్యి పెరట్లో పాకలోకి మార్పించాడు. ఊరగాయ జాడీలు గచ్చు మీద గుండ్రటి మచ్చలు వేస్తాయి గనక వాటిని కనబడనివ్వద్దన్నాడు. మంగతాయారు మొదట్లో ఒకటి రెండుసార్లు గొణిగింది. తర్వాత గొణగడం మానేసింది. ఆమె దారికొచ్చిందని గవరయ్య సంతోషించాడు. పొద్దున కొట్టుకి పోయి రాత్రికి వచ్చే మనిషి. వచ్చేసరికి కంచంలో అన్నం ఉండేది, తినేవాడు. అంతకు మించి అడగవలసిన అవసరం ఆయనకి రాలేదు.

ఇంతా చేసి ఆయనకి సుఖముందా అంటే లేదు. మధ్య గోడ దాటి వచ్చే ప్రతిదీ ఆయన కడుపు మండించేది. కొట్టు కట్టేసి ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే అటు నుంచి ఇంగువ పోపు వాసన గుప్పుమనేది. ఆ వాసనకి నోరూరేది, నోరూరినందుకు ఒళ్ళు మండేది. కాసేపటికి తన కంచంలోకి పులుసు వచ్చేది, చల్లారిపోయి. "నీ చెల్లెలి చేతి వాసన చూడు, వీధంతా ఘుమాయిస్తోంది. నువ్వూ ఉన్నావు, ఎందుకు?" అనేవాడు. మంగతాయారు ఇంకో గరిటె వడ్డించేది. పోనీ తిండి సంగతి వదిలేద్దామంటే, సెలవు రోజున ఇంట్లో ఉన్నా గోడ అవతల ఆడవాళ్ళ నవ్వులు. కడుపుబ్బ నవ్వుకునేవారు. తన భార్య నవ్వగా చూసి ఎన్నాళ్ళయిందో ఆయనకి గుర్తు లేదు. వాడి కొంప ఎప్పుడూ పెళ్ళివారి విడిదిలా ఉంటుంది, నా కొంప సత్రంలా ఉంటుంది, ఏం పెట్టి పుట్టాడో అనుకుని పళ్ళు నూరుకునేవాడు. అన్నిటికీ మించింది, కూతురు మొదటి కాన్పుకి వచ్చి పురుడు పిన్ని ఇంట్లో పోసుకోవడం. సాంబ్రాణి పొగ, వేడినీళ్ళ ఆవిరి గోడలకి పడదేమోనని తను సందేహించిన మాట నిజమే. అంతమాత్రానికే పిల్లని ఎత్తుకుపోతారా? తన మొదటి మనవణ్ణి తోడల్లుడి వాకిట్లో నిలబడి చూసి వచ్చాడు. లోపలికి రమ్మన్నా వెళ్ళలేదు. గృహప్రవేశం తర్వాత ఆ గడప ఆయన తొక్కనే లేదు.

ఇలా ఉండగా ఈమధ్యనే రిటైరైన ఒక స్టేషన్ మాస్టరుగారు భార్యతో సహా ఇల్లు చూడ్డానికి వచ్చాడు. గోడ మీద వేళ్ళతో కొట్టి చూశాడు, దూలాలు చూశాడు, "అద్దంలా ఉంచేరండీ" అన్నాడు. గవరయ్యకి ఏనుగెక్కినంత సంబరమైంది. ఇంతలో ఆయన భార్య కాళ్ళు కడుక్కుంటానని నూతి దగ్గరకి వెళ్ళింది. వెళ్ళిన మనిషి ఎంతకీ రాలేదు. వచ్చాక మొగుడి చెవిలో ఏదో చెప్పింది. ఆయన ఇబ్బందిగా నసిగి, "మరేం అనుకోకండి. ఆ పక్క వాటా వాళ్ళు గాని ఇస్తారేమో కనుక్కుంటారా? మా ఆవిడకి అది నచ్చిందిట" అన్నాడు. పుండు మీద కారం చల్లినట్టయింది. వాళ్ళు ఇవ్వరని గవరయ్య కసురుకున్నట్టే చెప్పాడు. అయితే ఆలోచించుకుని ఎల్లుండి సాయంత్రం మళ్ళీ వస్తామని, ఏదో ఒకటి అప్పుడు తేల్చుకుందామని చెప్పి వాళ్ళు వెళ్ళారు. పరదేశయ్యగారి అరుగు మీద గవరయ్య నోరు జారింది ఆ మర్నాడే. కాబట్టి గురువుగారి భోజనమూ, స్టేషన్ మాస్టరుగారి జవాబూ ఒక్క రోజునే పడ్డాయి. ఈ బేరం కూడా తప్పిపోతే ఇక బతికినన్నాళ్ళూ ఆ గోడ పక్కనే, ఆ నవ్వులు వింటూ, ఆ వాసన పీలుస్తూ పడి ఉండాలి. ఆ ఊహకే ఆయనకి రాత్రి కంటి మీద కునుకు లేదు.

మధ్యాహ్నం పరదేశయ్యగారు వచ్చారు. గవరయ్య ఆయన్ని గది గదీ తిప్పి చూపించాడు. తలుపు తోసి చూపించాడు, చప్పుడు లేదు కదా అన్నాడు. పరదేశయ్యగారు అన్నిటికీ "బాగుంది, బాగుంది" అన్నారు. అంతలో గోడ అవతల నుంచి పోపు వాసన మామూలు కన్నా ఘాటుగా వచ్చింది. గవరయ్య ముఖం మాడిపోయింది. "చూసేరా అయ్యవారూ, మీరు వస్తున్నారని తెలిసి, ఈవేళ కూడా పోటీ పెట్టేరు" అన్నాడు. ఆయన మళ్ళీ "బాగుంది" అన్నారు. ఇల్లు బాగుందన్నారో వాసన బాగుందన్నారో తేలలేదు.

మంగతాయారు విస్తరి వేసి, పెరటి తలుపులోంచి ఒక్కొక్కటీ తెచ్చి వడ్డించింది. ముద్దపప్పు, వంకాయ పులుసు, గోంగూర, పరమాన్నం. విస్తరిలో అన్నీ పడ్డాక పరదేశయ్యగారు చెయ్యి పెట్టలేదు. "నైవేద్యం పెట్టంది నేను తినను తల్లీ. ఓ గిన్నెలో కాస్త పరమాన్నం తీసి మీ దేవుడికి చూపించి తీసుకురా" అన్నారు.

గవరయ్య గతుక్కుమన్నాడు. దేవుడి గూడు ఎదురుగానే ఉంది, తెల్లగా, ఖాళీగా, నిరుడు వేసిన సున్నం నలగకుండా. "మా దేవుడు పెట్టెలో..." అని ఆయన ఏదో సర్దిచెప్పబోయేలోగా మంగతాయారు గిన్నె పట్టుకుని పెరటి తలుపులోంచి వెళ్ళిపోయింది. గురువుగారు విస్తరి ముందు కళ్ళు మూసుకు కూర్చున్నారు. ఆమె నూతి పక్కనుంచి తూర్పు వాటా వైపు నడవడం గవరయ్యకి కిటికీలోంచి కనబడింది. కళ్ళల్లో నిప్పులు పోసినట్టయింది. నా గురువుకి నా ఇంట్లో పెట్టిన అన్నం వాడి దేవుడికి చూపిస్తుందా? చివరికి దేవుణ్ణి కూడా వాడి దగ్గర అరువు తెచ్చుకోవాలా? విసురుగా లేచి వెనకే వెళ్ళాడు. ఎన్నో ఏళ్ళుగా తొక్కని గడప, ఆ కోపంలో తనకి తెలియకుండానే దాటేశాడు.

అది వంటిల్లు. గోడలు మసిబారి ఉన్నాయి. మంగతాయారు ఒక మూల వంగి, దేవుడి పీట ముందు గిన్నె పెట్టి కళ్ళకద్దుకుంటోంది. పీట మీద ఉన్నది సింహాద్రి అప్పన్న పటం. చట్రం ఒక కొస విరిగి ఉంది. చిన్నప్పుడు ఆ కొస విరగ్గొట్టి తల్లి చేత దెబ్బలు తిన్నది గవరయ్యే. పటం పైన గోడకి, కుంకుమ బొట్టుతో, ఆ తల్లి ఫోటో. ఆ కిందే వరసగా జాడీలు, మూతలకి ఎర్రబట్టలు కట్టి. అవి కాపురానికి వచ్చినప్పుడు మంగతాయారు పుట్టింటి నుంచి తెచ్చుకున్న జాడీలు. ఆయన చూస్తూ ఉండగానే ఆమె లేచి, పొయ్యి దగ్గరకి వచ్చి, మూకుడులో నూనె కాగిందో లేదో చూసి, చారులోకి పోపు వేసింది. ఇంగువ గుప్పుమంది. అదే వాసన. రోజూ రాత్రి ఆయన్ని కాల్చుకు తిన్న వాసన తన భార్య చేతిలో గరిటె మీంచి లేస్తోంది. పక్కన మరదలు రాజ్యం కొత్తిమీర తుంపుతూ ఏదో అంది. దానికి మంగతాయారు నవ్వింది. గోడ అవతల నుంచి అన్నేళ్ళు విన్న నవ్వు అది, తన భార్యదని ఒక్కనాడూ పోల్చుకోలేదు.

గవరయ్య గుమ్మంలో కొయ్యబారిపోయాడు. అలికిడికి ముగ్గురూ తిరిగి చూశారు. భద్రాచలం ఓ పక్కన కూర్చుని మంచానికి నవారు బిగిస్తున్నాడు.

"రండి అన్నయ్యగారూ, ఏటలా గుమ్మంలో నిలబడిపోయేరు?" అన్నాడు, ఏమీ ఎరగనట్టు.

"మా అమ్మ ఫోటో..." అన్నాడు గవరయ్య.

"మీదే. మేకూ మీదే. గోడొక్కటే నాది."

"మరి పెరట్లో పాక? పొయ్యి?"

రాజ్యం నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. "ఆ పాక మీరే పీకించేసేరు కదా బావా, పెరడు చూపుకి బాగోలేదని! ఏ యుగంలో మాట అది?"

నిజమే. పీకించాడు. ఆ రోజు చూడ్డానికెవరో వస్తున్నారు. పాక పోయాక పొయ్యి ఎక్కడికి పోయిందో, వానాకాలంలో వేడన్నం ఎక్కణ్ణుంచి వస్తోందో ఆయన అడగలేదు. అడగడానికి తీరికెక్కడిది, చెవులూ ముక్కూ గోడ అవతల పెట్టుకున్నవాడికి? ఆయన మళ్ళీ ఆ గదంతా చూశాడు. ఈ ఇంట్లో ఏది చూసి తను కుళ్ళిపోయాడో, కన్నీళ్ళు వచ్చేంతగా దేన్ని కోరుకున్నాడో, అది ఒక్కొక్కటీ తనదే. సిగ్గేసింది. చిత్రమేమిటంటే, అంత సిగ్గులోనూ ఇంకా అసూయగానే ఉంది. ఇన్నేళ్ళూ ఇదంతా భద్రాచలం అనుభవించాడు, తను అనుభవించలేదు.

"స్టేషన్ మాస్టరుగారు నన్నూ అడిగేరు, అన్నయ్యగారూ," అన్నాడు భద్రాచలం నవారు లాగుతూ. "నేనేం చెప్తాను? ఇందులో ఏది నాదో ఏది మా వదినదో నాకే తెలీదు. ఏది అమ్మమంటారు?"

గవరయ్య భార్య వైపు చూశాడు. కోప్పడదామనుకున్నాడు, కోపం రాలేదు. "నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు.

మంగతాయారు నైవేద్యం గిన్నె తీసి ఆయన చేతిలో పెట్టింది. చారు గిన్నె తను పట్టుకుంది. "గురువుగారు విస్తరి ముందు కూర్చున్నారు, పదండి" అంది. నూతి దాటాక, ఆయన ముఖం చూడకుండా, నిదానంగా అంది: "సాయంత్రం వాళ్ళొస్తే ఇచ్చేయండి. నా గురించి బెంగక్కర్లేదు. నేను సర్దుకోవాల్సినది ఈ ఇంట్లో ఒక్కటీ లేదు."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది గవరయ్యకి. గిన్నె పట్టుకుని తన పెరటి గుమ్మం ఎక్కాడు. ఎదురుగా తన ఇల్లు, వీధి తలుపు దాకా, ఒక్క మచ్చ లేకుండా మెరుస్తోంది. అటూ ఇటూ గాలి తప్ప ఏమీ కదలడం లేదు. తను ఇన్నేళ్ళూ ఈ ఇంట్లో కాపురం చెయ్యలేదు, కాపలా కాశాడు.

పరదేశయ్యగారు కడుపునిండా తిన్నారు. గోంగూర రెండోసారి వేయించుకున్నారు. గవరయ్య పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతూ ఉన్నాడు. సందేహం మాట ఆయన ఎత్తలేదు, గురువుగారూ ఎత్తలేదు. చెయ్యి కడుక్కుని, మంగతాయారుని "చల్లగా ఉండు తల్లీ" అని దీవించి, ఆయన వీధి గుమ్మం దాటి చెప్పులు తొడుక్కున్నారు. జవాబు చెప్పకుండానే వెళ్ళిపోయే రోజుల్లో ఇదొకటి కాబోలనుకున్నాడు గవరయ్య. ఉండబట్టలేక వాకిట్లోకి దిగి వెనకే వెళ్ళాడు.

"అయ్యవారూ, సాయంత్రం వాళ్ళొస్తారు. ఏం చెప్పమంటారు?"

పరదేశయ్యగారు కండువా నెత్తిన వేసుకున్నారు.

"ఎందుకొచ్చిన చిక్కయ్యా ఇది? వాళ్ళు అడిగింది మీ ఇల్లే కదా" అని ఎండలోకి నడిచారు.